నడక నియమము – మూగజీవి క్షేమము

నియమము పెట్టుకొనుట సులభము, పాటించుట కష్టము. దానిని ఎప్పుడు సడలింపవలెనో తెలిసికొనుట అంతకంటె కష్టము. ఒకని నియమభారమును మరొక ప్రాణి మోయుచున్నపుడు ఈ చిక్కు ధర్మసందేహమగుచున్నది.

ఇంగ్లండు దేశపు నైఋతి తీరమున 630 మైళ్ల కాలిబాట యొకటి కలదు. సోమర్సెట్ సీమలోని మైన్‌హెడ్ వద్ద మొదలై, డెవన్, కార్న్‌వాల్ తీరములను చుట్టి, డోర్సెట్‌లోని పూల్ రేవు ముఖమున ముగియును. పూర్వము దొంగసరకు దింపువారిని పట్టుకొనుటకై తీరరక్షక భటులు తిరిగిన త్రోవ యిది. ప్రతి కోనలోనికి తొంగిచూడవలసిన వారగుటచే, బాట కొండ అంచును విడువక ఎక్కుచు దిగుచు పోవును. అచటి జనులు పెంపుడు కుక్కలను వెంటబెట్టుకొని దినముల తరబడి ఈ బాటపై నడచుట పరిపాటి.

అయితే ఇది సాంతము నడకయే కాదు. నదులు కడలిని కలియు పెక్కుచోట్ల వంతెనలు లేవు. సాల్కమ్ వద్ద, డార్ట్‌మత్ వద్ద పడవ ఎక్కవలసినదే. కొన్ని పడవలు వేసవి మాసములందే నడచును. ఎర్మ్ నదికి పడవయే లేదు. సముద్రపు నీరు బాగుగా తీసినవేళకు ఒక గంట ముందు, ఒక గంట వెనుక మాత్రమే కాలితో దాటవచ్చును. వేళ తప్పినచో మైళ్ల కొలది చుట్టు తిరుగవలెను.

ఒక బాటసారి ఒక్క అడుగైనను విడువక నడచెదనని నిశ్చయించుకొనెననుకొందము. పడవ దాటుట వలన వాని నియమమునకు భంగము లేదు. త్రోవయే దానిని అంగీకరించినది. మూడవ దినమున కుక్క కుంటసాగినది. రాళ్లపై దాని అరికాలి మెత్తలు ఒరసిపోయినవి. దగ్గరి ఊరినుండి బస్సు కలదు. ఎక్కినచో నియమము చెడును. ఎక్కనిచో కుక్క నడచును. యజమాని నడచినంతకాలము అదియు నడచును. చిక్కంతయు ఇచటనే యున్నది.

కుక్క ఏ నియమమును పెట్టుకొనలేదు. అది తీరమును చూడవచ్చినది కాదు, మైళ్లను లెక్కించునది కాదు. ప్రేమచే వెంట వచ్చినది. మనుష్యునివలె దాని మేనంతట చెమట పోయదు. ముఖ్యముగా నాలుక చాచి రొప్పుట చేత వేడిని పోగొట్టుకొనును. అలసితినని నోరు విప్పి చెప్పలేదు. చెప్పలేని దాని కష్టమును కనిపెట్టుట చెప్పగలవాని విధి. అడుగకయే అనుసరించు ప్రాణి విశ్వాసమును దాని సమ్మతిగా ఎంచరాదు.

“ఇట్లు ప్రతి నియమమునకు మినహాయింపు వెదకినచో నియమమేమి మిగులును?” అని కొంద రడుగవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. తన కాళ్లు నొచ్చి, కుక్క పేరు చెప్పి బస్సెక్కువాడు ఆత్మవంచకుడు. కావున ఎవరి బాధ తన్ను బస్సు నెక్కించుచున్నదో మొదట తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. అంతకంటె మేలైనది ముందుచూపు: బయలుదేరక మునుపే దినమునకు కుక్క నడువగలిగినంత దూరమునే నిర్ణయించుకొని, పడవల వేళలను, కుక్కను ఎక్కనిచ్చు బస్సులను విచారించి యుంచుకొనుట. అపుడు బస్సు నియమభంగము కాక నియమములోని భాగమే యగును.

మహాప్రస్థానమున పాండవులు ద్రౌపదీసమేతులై తూర్పు సముద్రమును చేరి, తీరము వెంబడి నడచి, పిదప హిమగిరి కేగిరి. వారి వెంట నడచినది ఒక కుక్క. తక్కినవారందరు పడిపోయిన వెనుక ఇంద్రుడు రథము తెచ్చి ధర్మరాజును ఎక్కుమనెను. కుక్కను విడిచి రానని ధర్మరాజు నిరాకరించెను. తెనుగు భారతమున తిక్కన సోమయాజి రచించిన పర్వములలోనిదే ఈ కథ.

ధర్మరాజు కుక్క కొరకు వాహనమును కాదనెను. ఈ బాటసారి కుక్క కొరకు వాహనము నెక్కవలసియున్నది. చేతలు వేరైనను ధర్మ మొక్కటియే. నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడిచి స్వర్గమునకు పోరాదు. దానిని ఈడ్చుకొని గమ్యమునకును పోరాదు. నడువని ఆ కొన్ని మైళ్లు మరియొకనాడు నడువవచ్చును. నమ్మిన ప్రాణికి కలిగించిన బాధ మాత్రము వెనుకకు తీసికొన వీలుకానిది.