చేతికి తెలిసినది

ఆదివారం పూట బెంటన్‌విల్‌లో మన తెలుగువాళ్లు పోగయ్యే చోట్లలో ఒక పచ్చిక మైదానం కూడా ఉందని మన పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. అక్కడ చిన్న విమానాలు ఎగరేస్తారు. మూరెడు రెక్కలవి మొదలుకొని మనిషి పొడుగు రెక్కలవి దాకా ఉంటాయి. ఈ రోజుల్లో వాటిలో ఎక్కువభాగం బ్యాటరీతో తిరిగేవే. మీట కదిపితే చాలు. చప్పుడు తక్కువ, వాసన అసలే లేదు. అయినా పాత పద్ధతి వదలనివాళ్లు కొందరున్నారు. మెథనాలు, నైట్రోమీథేను, ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే బుల్లి ఇంజన్లంటే వాళ్లకి ప్రాణం. అర్కన్సాస్ గాలిలో కాలిన ఆముదం వాసన ముక్కుకి తగిలితే, చిన్నప్పుడు తెల్లవారుజామున లేపి ముక్కు మూసి ఆముదం పట్టించిన అమ్మ గుర్తుకొచ్చి తీరుతుంది.

మేము రాయదలచుకున్నది విమానాలు ఎగరడం గురించి కాదు. ఆ ఇంజన్లను మొదలుపెట్టడం గురించి. దానిమీద అక్కడ ఒక తగవు వచ్చింది. తగవు చిన్నదే. అందులోంచి లేచిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ మమ్మల్ని వదలలేదు.

మా మిత్రుడొకాయన తన పదమూడేళ్ల కొడుక్కి ఒక ఇంజను ఇచ్చాడు. రెండున్నర సి.సి.ది. అంగడిలో కొన్న కొత్తది కాదు. తాను కాలేజీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగులో ఉన్న రోజుల్లో ఒక సీనియరు దగ్గర కొనుక్కుని, ఖండాలు దాటినా పెట్టె అడుగున దాచుకుని తెచ్చుకున్నది. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టాడు: ప్రొపెల్లరు వేలితోనే తిప్పి మొదలుపెట్టాలి. "నేను అలాగే నేర్చుకున్నాను" అన్నాడు. పిల్లవాడు తిప్పాడు. నలభై సార్లు తిప్పి ఉంటాడు. నలభై ఒకటోసారి ఇంజను వెనక్కి తన్నింది. చూపుడు వేలు చితికి, గోరు కింద నెత్తురు కమ్మింది.

అప్పటికి ఊరినుంచి వచ్చి ఉన్న మిత్రుడి మామగారు ఏమీ మాట్లాడలేదు. గుంటూరు జిల్లాలో సేద్యం చేసి, చేతులు కాయలు కాసిన మనిషి. మర్నాడు గ్యారేజీలో అల్లుడి బ్యాటరీ డ్రిల్లు తీసి, దాని మూతికి ఒక ఇనప కడ్డీ, కడ్డీ చివర రబ్బరు గిన్నె బిగించారు. ఆ గిన్నెను ప్రొపెల్లరు ముందున్న మొనకు ఆనించి మీట నొక్కితే చాలు. ఇలాంటివి అమ్మకానికీ దొరుకుతాయి, కాని ఆయనకు చేసుకోవడమే ఇష్టం. తర్వాతి ఆదివారం నాలుగు క్షణాల్లో ఇంజను అందుకుంది. మనవడు ఎగిరి గంతేశాడు. అల్లుడుగారి మొహం మాడిపోయింది.

"మామయ్యగారూ, ఇలాగైతే వాడికి ఏం వస్తుంది?"

"ఇంజను తిరిగింది కదా బాబూ. వేలు పోగొట్టుకుంటే వచ్చేదేమిటి?"

చుట్టూ ఉన్న మేమంతా రెండు పక్షాలయ్యాం. ఒక పని కష్టపడి చేస్తేనే మనది అవుతుందా? సులువుగా చేస్తే మనది కాకుండా పోతుందా? మరీ సూటిగా అడిగితే, మనం పడ్డ కష్టం పిల్లలు కూడా పడాలని కోరే హక్కు మనకుందా?

ఆ ఇంజను ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. కారు ఇంజనులో లాగా దీనికి నిప్పురవ్వ లేదు. సిలిండరు నెత్తిన ఒక ప్లగ్గు, అందులో వెంట్రుకంత ప్లాటినం తీగ చుట్ట. ఒకటిన్నర వోల్టుల సెల్లు తగిలిస్తే అది ఎర్రబడుతుంది. ఇంజను అందుకున్నాక సెల్లు తీసేసినా, మెథనాలు ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు పుట్టే వేడికి, మంటల వేడికి తీగ ఎర్రగానే ఉండిపోతుంది. ఈ ప్లగ్గును 1940ల చివర్లో రే ఆర్డెన్ అనే అమెరికను బజారులోకి తెచ్చాకే ఈ సరదా సామాన్యుల చేతికి అందింది. మొదలుపెట్టేవాడు ముందుగా గాలి పీల్చే రంధ్రం వేలితో మూసి, ప్రొపెల్లరును రెండు మూడు చుట్లు తిప్పి ఇంధనం లోపలికి లాగిస్తాడు. తర్వాత సెల్లు తగిలించి, ప్రొపెల్లరును బలంగా ఒక్క విదుపు విదిపి చెయ్యి వెనక్కి లాగేసుకోవాలి. లాగుకోవడం ఆలస్యమైతే ఏమవుతుందో పైన చెప్పాం. అందుకే కొందరు వేలికి బదులు రబ్బరు తొడిగిన కర్ర వాడతారు. దానికి ఇక్కడివాళ్లు పెట్టిన పేరు చికెన్ స్టిక్కు, అంటే పిరికివాడి కర్ర. పేరులోనే తీర్పు ఉంది చూడండి.

ఆ తీర్పు మాకు మొదట్లో నచ్చలేదు. దానిలో న్యాయం కన్నా గొప్ప ఎక్కువ కనిపించింది. మోటారు కార్లకు ముందు హ్యాండిలు ఉండేది. అది వెనక్కి తన్ని ఎందరి మణికట్లో విరగ్గొట్టింది. చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన విద్యుత్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. కారు నడపడం చులకనైపోయిందని గొణుక్కున్నవాళ్లు ఆ రోజుల్లోనూ ఉండే ఉంటారు. మన ఇళ్లలో సంగతే చూడండి. రుబ్బురోట్లో రుబ్బిన పచ్చడి రుచి మిక్సీలో రాదని లొట్టలు వేసే మగవాళ్లలో పొత్రం పట్టినవాళ్లెందరు? కష్టాన్ని పొగిడేవాడు ఒకడు, పడేవాడు ఇంకొకడు అయినచోట ఆ పొగడ్తను నమ్మకూడదు. (ఈ మాట రాస్తుంటే వంటింట్లోంచి దగ్గు వినిపించింది. మా వంతు పప్పు రుబ్బడం ఇంకా మిగిలే ఉంది.) ఈ ఊరి గుట్టల్లో సైకిలు తొక్కేవాళ్ల మధ్యా ఇదే రగడ. బ్యాటరీ సైకిలు మీద ముసలాయన ఒకడు తాపీగా ఎక్కిపోతుంటే, చెమటలు కారుస్తూ తొక్కే కుర్రవాడికి అది అన్యాయంలా తోస్తుంది. ముసలాయనకు మాత్రం గుట్ట పైనుంచి అడివి చూడడమే కావాలి.

పైగా ఈ ఊరు లూయీ థాడెన్ పుట్టిన ఊరు. 1905లో ఇక్కడ పుట్టిన ఆమె 1929లో శాంటామోనికా నుంచి క్లీవ్‌లాండ్ దాకా జరిగిన మొట్టమొదటి మహిళల విమాన పందెంలో గెలిచింది. పందెం మొదలుకాకముందే ఇంజను పొగలోని విషవాయువు కాక్‌పిట్‌లోకి వచ్చి ఆమె స్పృహ తప్పేంత పనైంది. బయటిగాలి మొహానికి తగిలేలా ఒక గొట్టం అమర్చితే, దాని దగ్గర ఊపిరి పీలుస్తూ ఆమె దేశం దాటింది. 1936లో న్యూయార్కు నుంచి లాస్ఏంజెలిస్‌కు జరిగిన బెండిక్స్ పందెంలో బ్లాంచ్ నోయెస్‌తో కలిసి మగ పైలట్లను కూడా దాటి మొదట చేరింది. మొదటిసారి ఆడవాళ్లు ఆ పందెం గెలిచారు. మన ఊరి విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు. ఆమెకు గాలి అందించిన గొట్టాన్ని చూపించి ఆ గెలుపును తగ్గించి మాట్లాడేవాడెవడుంటాడు? ఆ రోజుల్లో ఎన్నో చిన్న విమానాలకు ప్రొపెల్లరును కింద నిలబడిన మనిషి ఎవరో చేత్తో తిప్పేవాడు. ఆకాశంలో చేసిన పని మాత్రం పైలటుదే. ఎగరడమే అసలు పని, మొదలుపెట్టడం గుమ్మం మాత్రమే అని మేము గట్టిగా వాదించాం. గుమ్మం దగ్గర ఎవరు చెయ్యి పట్టుకున్నా తప్పులేదన్నాం. మిత్రుడు జవాబు చెప్పలేకపోయాడు. మాకూ కొంచెం గర్వంగానే ఉంది.

మూడో ఆదివారం ఆ గర్వం అణిగింది.

తాతగారికి ఒంట్లో బాగోలేక ఇంట్లో ఉండిపోయారు. తండ్రి అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పిల్లవాడు ఇంధనం పట్టి, "అంకుల్, మీరు తిప్పుతారా?" అని డ్రిల్లు మా చేతికిచ్చాడు. డ్రిల్లు వెనక్కి తిరిగేలా పెట్టాలని మాకు తెలుసు, ఎందుకంటే ఎదుట నిలబడినవాడికి ప్రొపెల్లరు ఎడమవైపుగా తిరగాలి. అది సరిగానే పెట్టాం. రబ్బరు గిన్నె ఆనించి నొక్కాం. ఇంజను బిగుసుకుని ఆగింది. ఇంకొంచెం అదిమి మళ్లీ నొక్కాం. టక్కుమని శబ్దం వచ్చింది. తర్వాత ప్రొపెల్లరు తేలిగ్గా, అడ్డం లేకుండా తిరిగింది.

జరిగింది ఇది. పిల్లవాడు ఉత్సాహంలో ఇంధనం ఎక్కువ లాగించాడు. సిలిండరు నిండా ద్రవం నిలిచింది. గాలి అయితే నొక్కితే నొక్కుకుంటుంది, ద్రవం నొక్కుకోదు. పిస్టను పైకి పోలేక ఆగింది. మా చేతిలోని డ్రిల్లుకు అది తెలియదు. దాని బలమంతా పుల్లంత కనెక్టింగు రాడ్డు మీద పడి, రాడ్డు వంగి విరిగింది. వేలితో తిప్పి ఉంటే మొదటి చుట్టులోనే, గోడకు తగిలినట్టు, తెలిసిపోయేది. ప్లగ్గు విప్పి, ఇంజనును బోర్లించి, నాలుగు చుట్లు తిప్పితే ద్రవం బయటికి పోయేది. అంతటితో సరిపోయేది.

ఇంజను విరిగినందుకు కాదు మేము ఇది రాయడం. తర్వాత మా నోటివెంట వచ్చిన మాటకోసం. పిల్లవాడు తెల్లబోయి చూస్తుంటే, "పాత ఇంజను కదమ్మా, ఎప్పుడో ఒకప్పుడు పోయేదే" అన్నాం. తడుముకోకుండా అన్నాం. పిల్లవాడు నమ్మాడు. తండ్రి వచ్చి ఇంజను చేతిలోకి తీసుకుని, ఒక్కసారి తిప్పి చూసి, ఏమీ అనకుండా జేబులో వేసుకున్నాడు.

దారిపొడుగునా ఆలోచించాం. వేలితో తిప్పి విరగ్గొట్టి ఉంటే ఆ మాట అనగలిగేవాళ్లమా? అనలేం అనుకుంటున్నాం. అడ్డు తగిలిందని మా వేలికి తెలిసి ఉండేది. తెలిసీ ఇంకా అదిమామని మాకు తెలిసి ఉండేది. డ్రిల్లు మా చేతికీ ఇంజనుకూ మధ్య నిలబడి, మా బలాన్ని పెంచింది, మా స్పర్శను చంపింది. తప్పు ఎక్కడ జరిగిందో వేలికి తెలియలేదు కాబట్టి, నోరు దాన్ని ఎక్కడైనా పెట్టగలిగింది. మిత్రుడు "వాడికి ఏం వస్తుంది?" అన్నప్పుడు అతని మనసులో ఉన్నది ఇదే కాబోలు. తన గొప్పకోసం అంటున్నాడనుకున్నాం మేము.

దీన్ని ఇంకొంచెం పెద్దది చేసి చూస్తే, తెలంగాణ పల్లెల్లో బోరుబావుల దగ్గరి ఆటో స్టార్టర్లు గుర్తుకొచ్చాయి. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చిపోతున్న రోజుల్లో, చీకట్లో పాముల మధ్య, తడి నేలమీద, మోటారు వెయ్యడానికి వెళ్లి చచ్చిపోయిన రైతులున్నారు. కరెంటు రాగానే తనంతట తాను మోటారు వేసే ఆ పెట్టె వాళ్ల ప్రాణం కాపాడింది. దాన్ని తప్పు పట్టే నోరు మాకు లేదు. కాని 2018 జనవరి 1 నుంచి సేద్యానికి ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా కరెంటు ఇవ్వబోయే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను బతిమాలవలసి వచ్చింది. లేకపోతే పొలం నిండినా మోటారు ఆగదు, భూమిలో నీరు అడుగంటుతుంది. ఆ నీరు ఎవరు తోడారు? ఎవరూ తోడలేదు, అందరూ ఇంట్లో నిద్రపోతున్నారు. ప్రాణం కాపాడిన పెట్టె, నీళ్లు తోడేసిన పెట్టె ఒక్కటే. మాకు చిక్కుగా ఉన్నది ఇక్కడే. పెట్టెను పారెయ్యమంటే మళ్లీ ఎవరినో చీకట్లోకి పంపడమే. ఉంచుకుంటే, పంట తడిసిందా లేదా అని చూసే కన్ను ఒకటి కావాలి. ఆ కన్ను లేకుండా చెయ్యడానికేగా పెట్టె పెట్టింది!

తాతగారిని చూడడానికి వెళ్లినప్పుడు జరిగినదంతా ఆయనకు చెప్పేశాం. ఆయన మమ్మల్ని తిట్టలేదు. తన ఆయిలింజను సంగతి చెప్పారు. కాలవ నీళ్లు తోడే డీజిలు ఇంజనుకు హ్యాండిలు కొట్టేటప్పుడు బొటనవేలు పిడి చుట్టూ వెయ్యకూడదట. నాలుగు వేళ్లతోబాటే ఒకే పక్కన ఉంచాలి. వెనక్కి తంతే పిడి జారిపోతుంది, బొటనవేలు దక్కుతుంది. డీకంప్రెషను మీట ఎత్తి, ముందు నాలుగు చుట్లు ఊరికే తిప్పి చూడాలి. "లోపల ఎలా ఉందో చూసుకోకుండా నేను ఎప్పుడూ కొట్టలేదు బాబూ. డ్రిల్లుకైనా అంతే అనుకున్నాను. మీకు చెప్పాల్సింది." చెప్పకపోవడం తన తప్పన్నట్టు మాట్లాడారు. ఆయనకు అది ఎంత అలవాటంటే, వేరే చెప్పాలని తోచలేదు. డ్రిల్లు చేసిచ్చిన చేతికి ఆ తెలివి ఉంది. దాన్ని అందుకున్న మా చేతికి లేదు.

పిల్లవాడికి నిజం చెప్పడం దీనికన్నా కష్టమైంది. "పాతదని అన్నారు కదా అంకుల్?" అన్నాడు. అన్నాం అని ఒప్పుకున్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత రాడ్డు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అలాంటిది దొరకడానికి నెలన్నర పట్టింది. బిగించింది వాడే. తండ్రి పక్కన కూర్చుని స్క్రూలు అందించాడు.

ఇప్పుడు మైదానంలో సెల్లు తగిలించకుండా, ముందు ప్రొపెల్లరును చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి చూస్తున్నారు. తర్వాత ఎవరి ఇష్టం వాళ్లది. తండ్రి ఇంకా వేలితోనే. తాతగారు ఊరికి వెళ్లిపోయారు. పోయిన ఆదివారం డ్రిల్లు బ్యాటరీ ఛార్జింగు పెట్టడం అందరం మరిచిపోయాం. వంతులు వేసుకుని తిప్పాం. పదిహేడో విదుపుకి అందుకుంది. ఆ వంతు ఎవరిదో ఇంకా తేలలేదు.