వెయ్యి డాలర్ల గిన్నె, వెల లేని ముద్ద

న్యూయార్క్‌లోని సెరెండిపిటీ 3 రెస్టారెంటు 2004లో ఒక ఐస్‌క్రీమ్ పెట్టింది. అప్పట్లో గిన్నె వెయ్యి డాలర్లు. పైన 23 క్యారెట్ల బంగారు రేకు. రెండు రోజుల ముందే చెప్పుకోవాల్సి వచ్చేది. తమాషా ఏమిటంటే, బంగారానికి రుచీ లేదు, వాసనా లేదు, ఒంటికీ పట్టదు.

ఇక మన బీదర్ సంగతి. నానక్ ఝీరా సాహిబ్ గురుద్వారా లంగరులో, అంటే అక్కడి సామూహిక భోజనశాలలో, పంక్తిన కూర్చున్న ఎవరికైనా రొట్టె, పప్పు ఉచితం. కులం అడగరు, మతం అడగరు. పిండి కలిపేదీ, అంట్లు తోమేదీ సేవకు వచ్చినవారే.

ఖరీదు పెరిగేకొద్దీ తినేవాళ్లు తగ్గే వంటకం గొప్పదా, ఎంతమంది వచ్చినా జరిగి చోటిచ్చే పంక్తి గొప్పదా? విందుకు వన్నె తెచ్చేది వెల కాదు, పక్కన కూర్చున్న మనిషే.