లోపలి నీరు, వెలుపలి నీరు

వసంతమంటే మావిచిగురూ, కోయిల కూతా, అడుగంటుతున్న చెరువులూ గుర్తొచ్చే తెలుగు పాఠకునికి వసంతకాలపు వరద అన్న మాట మొదట పొసగనట్టే తోస్తుంది. గోదావరి పొంగేదీ, భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగుల హెచ్చరికలు వెలువడేదీ వానాకాలంలోనే. ఉత్తర అమెరికాలోని రెడ్ రివర్ అనే నదికి మాత్రం మార్చి, ఏప్రిల్ నెలలే వరద కాలం. ఉత్తర డకోటా, మిన్నెసోటా రాష్ట్రాల సరిహద్దుగా ఉత్తర దిశకు పారి, కెనడాలోని విన్నిపెగ్ సరస్సులో కలిసే ఈ నదికి ఎగువ ప్రాంతం దక్షిణాన ఉండటం వల్ల, అక్కడ మంచు కరిగి నీరు బయలుదేరే వేళకు దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పైగా అది పారే నేల, హిమఖండాలు కరిగిన నీటితో వేల ఏళ్ల కిందట ఏర్పడి, ఆ తరవాత ఖాళీ అయిన అగాసీ అనే మహాసరస్సు అడుగుభాగం కాబట్టి, పళ్లెంలా చదునుగా పరుచుకున్న ఆ బంకమట్టి మీద ముందుకు పోయే వాలు లేక నీరు పక్కలకు పాకుతుంది.

ఇలా మెల్లగా వచ్చే వరద ముందుగా కబురు పెట్టి వస్తుంది. చలికాలంలో పేరుకున్న మంచును లెక్కగట్టి, వరద ఎంత ఎత్తుకు చేరి తగ్గుముఖం పడుతుందో, అంటే దాని గరిష్ఠ మట్టం ఎన్ని అడుగులో, వారాల ముందే అంచనా ప్రకటిస్తారు. నది ఒడ్డున ఉన్న కుటుంబానికి ఆ అంకె చెవిన పడ్డ నాటి నుంచి తెరిపి ఉండదు. పిల్లల బడి, పెద్దల ఉద్యోగం, పొలమున్నవారికి ఆవులు ఈనే అదనూ, విత్తడానికి యంత్రాలు సిద్ధం చేసుకునే అదనూ అన్నీ ఆ వారాల్లోనే వచ్చిపడతాయి, వాటి నడుమనే ఇంటి చుట్టూ ఇసుక బస్తాల కట్ట లేవాలి. బస్తాను నిండుగా నింపకూడదు. సగానికి కొంచెం పైగా నింపి, మూతి బిగించకుండా మడిచి పరిస్తేనే అది పక్క బస్తాకు ఒదిగి సందు మూస్తుంది. గడ్డకట్టిన బస్తా ఒదగదు, రాయిలా నిలిచి పక్కన కంత మిగులుస్తుంది కనుక, చలి విడవని రోజుల్లో బస్తాలను వెచ్చని కప్పు కింద దాచి తెస్తారు. చేతులు మార్చుకుంటూ బస్తాలు అందించే వరుసలో ముక్కుమొహం తెలియనివారూ నిలబడతారు. ఆ వరుసలో ఉన్నంతసేపూ భయానికి చోటు ఉండదు; పని పూర్తయి ఇంట్లోకి వచ్చి కూర్చున్నాకనే అది పట్టుకుంటుంది.

ఇంత శ్రమా ఒక అంకెను నమ్మి చేసేదే. 1997 ఏప్రిల్‌లో గ్రాండ్ ఫోర్క్స్ నగరానికి చెప్పిన అంచనా 49 అడుగులు. నది 54 అడుగులు దాటింది, కట్టలకు గండ్లు పడ్డాయి, ఊరు దాదాపు మొత్తం ఖాళీ అయింది, నీట మునిగిన నగర కేంద్రంలోనే మంటలు లేచి 11 భవనాలను కాల్చాయి. ఎగువన ఉన్న ఫార్గోలో 2009 మార్చిలో 43 అడుగుల దాకా రావచ్చన్న హెచ్చరికతో కట్ట లేపితే, నది 41కి కాస్త దిగువనే ఆగిపోయింది. రెండు చోట్లా బస్తాలు మోసిన భుజాలు ఒక్క తీరునే నొప్పిపెట్టాయి. కట్ట నిలిచిందా లేదా అన్నదాన్నిబట్టి ఆ కష్టానికి విలువ కట్టడం న్యాయం కాదు, ఎందుకంటే మోసేటప్పుడు ఇరువురి చేతిలోనూ ఉన్నది ఆ అంకె ఒక్కటే.

అయితే ఆ ఇళ్లలో అసలు ఆలోచన పుట్టించే చోటు సెల్లారు, అంటే నేలమట్టానికి దిగువన, ఇంటి కిందే కట్టుకునే గది. ఇంటిని వెచ్చబెట్టే కొలిమీ, తిండి దాచే ఫ్రీజరూ, పండగ సామానూ, పాత ఫొటోల పెట్టెలూ అక్కడే ఉంటాయి. నది ఇంకా గడప చేరకముందే ఊట రూపంలో అక్కడ తలెత్తుతుంది గనుక, ఆ నీటిని గుంటలోకి చేర్చి తోడే చిన్న పంపు ఆగిందేమోనని రాత్రుళ్లు ఎవరో ఒకరు లేచి చూస్తుంటారు. నేలలోని మురుగు రంధ్రానికి బిరడా బిగిస్తారు. మెట్ల మీదుగా ఒక్కొక్క వస్తువే పైకి మోస్తారు. ఏది ముందు మోయాలన్న మాట దగ్గర ఇంట్లోవారి మనసులు బయటపడతాయి, కొలిమి పాడైతే కొనుక్కోవచ్చునన్న లెక్క ఎంత సరైనదైనా, ఫొటోల పెట్టె ముందు ఆ లెక్క ఆగదు.

ఇంత చేశాక కూడా కట్ట దాటి నీరు రావడం ఖాయమని తేలితే, నిపుణులు చెప్పే సలహా వినడానికి విడ్డూరంగా ఉంటుంది: కొళాయి తిప్పి, సెల్లారును మీరే మంచినీటితో నింపండి. నానిన మట్టి బయటినుంచి గోడను నెట్టే బలాన్ని నీటి పీడనం అంటారు; లోపల ఖాళీ ఉంటే ఆ నెట్టుడుకు ఎదురు లేక గోడ లోపలికి ఒరిగి ఇల్లే కుంగిపోవచ్చు. గోడను కూల్చేది ఇరువైపుల మట్టాల మధ్య తేడా. అందువల్ల మురుగు కలిసిన నదినీరు చొరబడేలోగా, అంతే ఎత్తున శుభ్రమైన నీటిని లోపల నిలపడమే ఇంటిని కాచుకోవడం అవుతుంది. ఏటికి ఎదురీదడం ధైర్యమని అందరికీ తెలుసు. ఏటితో సరితూగేంత నీటిని తన ఇంట్లోకి తానే పిలవడానికి కావలసిన ధైర్యానికి మాత్రం పేరు కూడా లేదు. వారాల తరబడి ఊపిరాడనంత పనిలో మునిగిన కుటుంబానికి ఆ వసంతంలో అన్నిటికన్నా బరువైన గంట ఇదే, ఎందుకంటే ఇందులో చేయడానికి పని లేదు. కొళాయి తిప్పినవారు మెట్ల మీద కూర్చొని, అరలు ఖాళీ చేసిన గది అడుగుమీద అడుగుగా నిండటం చూడాలి.

వరద తీశాక కూడా తొందర పనికిరాదు. మట్టిలోని తడి ఇంకా గోడను నెడుతూనే ఉంటుంది కాబట్టి, లోపలి నీటిని కొంత తోడి, మిగిలిన మట్టం దగ్గర గోడ మీద గుర్తు పెట్టి రాత్రంతా వదిలేస్తారు. తెల్లవారి దిగి చూసినప్పుడు నీరు గుర్తు దాటి పైకి వచ్చి ఉంటే, బయటి నేల ఇంకా ఆరలేదని అర్థం. ఆ రోజు పంపు వేయకుండా, గుర్తు మాత్రం మళ్లీ పెట్టి మెట్లెక్కి వస్తారు.