సున్నపు బట్టీలో పగడము

చదువరీ, పగడమనగానే మెడలోని ఎఱ్ఱపూస తలంపునకు వచ్చును. నేను చెప్పునది దాని చుట్టమైన రాతి పగడము. చిన్ని జీవులు కోట్లకొలది చేరి, తమ దేహములక్రింద సున్నము పేర్చుచు, సముద్రములో దిబ్బలు లేపును.

రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమనున్న 21 దీవులకు ఈ దిబ్బలే అలలనాపు గోడలు. జనులు వాటిని పెకలించి సున్నమునకై బట్టీలలో కాల్చిరి. గోడ సన్నగిల్లగా రెండు దీవులు మునిగిపోయెను. 1986లో ప్రభుత్వము ఆ ప్రాంతమును జాతీయ వనముగా ప్రకటించెను. 2001లో చట్టము పగడమునకు పులితో సమానమైన రక్షణ నిచ్చెను. అయినను, 2004 సునామీ వచ్చి గోడ విలువ తెలిపిన పిమ్మటగాని, 2005లోగాని, త్రవ్వకము ఆగలేదు.

గంజికొరకు త్రవ్విన బెస్తవాడు దోషియా? అందరును అతనినే అడిగిరి. ఆ సున్నముతో మేడ కట్టుకొన్నవానిని ఎవరడిగిరి?

ఇప్పుడు గునపము లేదు, వేడిమి యున్నది. నీరు కాగినప్పుడు పగడము తనలో నివసించు నాచును వెళ్లగొట్టి తెల్లబారును. ఆ నాచే దానికి అన్నము. 2010లోను 2016లోను అక్కడ అట్లే జరిగెను. ఆ వేడిమిలో బొగ్గు పొగకు పాలున్నది. ఆ బొగ్గుతోనే మన చేని మోటారు తిరుగుచున్నది. బెస్తవానివలె మనకును అవసరమే సాకు. అతని సాకును చట్టము ఒప్పుకొనలేదు.

తూత్తుకుడి పరిశోధకులు పగడపు తునకలను సిమెంటు దిమ్మెలకు కట్టి సముద్రములో మరల నాటుచున్నారు, నారు నాటినట్లే.