విహారనౌక – దాసోహము

ధనవంతులు కొందరు నేడు సముద్రవిహారమునకై ఒక నౌకను సిబ్బందితో సహా, వారమునకింత యని, తమకొక్కరికే అద్దెకు తీసికొనుచున్నారు. నౌకను నడపువాడు, వంటవాడు, గదులు తుడుచువారు అందరును ఆ ఒక్క కుటుంబము కొరకే. ఇంధనము, భోజనసామగ్రి, రేవు రుసుములు సాధారణముగా వేరు. మాల్దీవులలో, సీషెల్స్‌లో జనసంచారము లేని దీవులను చూపెదమని ప్రకటనలు. ఇది దూరపు ముచ్చట యని నర్సంపేటవారు అనుకొన పనిలేదు. ములుగు జిల్లాలోని లక్నవరము చెరువు నడిమి దీవులలో విడిదిగృహములు వెలసినవి. మూడవ దీవిలోని విడిది 2024లో తెరువబడినది. సెలవునాడు పిల్లలతో పోయి ఒక పూట పడవ యెక్కి వచ్చువారి మాట ఇక్కడ ప్రస్తావింపబడుట లేదు.

ప్రశ్న ఇది: న్యాయముగా ఆర్జించిన ధనమును ఒకడు ఏకాంతసుఖమునకు వెచ్చించినచో దోషమేమి? బసవేశ్వరుని మార్గమున సంపాదన నింద్యము కాదు, సోమరితనమే నింద్యము. పైగా ఆ ధనముతో పడవవానికి, వంటవానికి జీతము దొరకుచున్నది; పంట పండని దీవులలో అతిథులే జీవనాధారము. ఈ వాదము తేలికగా తోసివేయదగినది కాదు.

అయితే ఆ జీతము నిజముగా చేతికి వచ్చినదా యని ముందు చూడవలెను. విజయ్ మాల్యాకు చెందినదిగా పేరొందిన 'ఇండియన్ ఎంప్రెస్' 95 మీటర్ల నౌక. అందు పనిచేసినవారికి జీతములు బాకీపడగా 2018లో మాల్టా రేవున దానిని నిలిపివేసిరి; పిమ్మట న్యాయస్థానము ద్వారా వేలము వేసిరి. అంత నౌకలో కొరవడినది కూలివాని చెమటకు విలువ.

జీతము సక్రమముగా ఇచ్చువాని సంగతి యేమి? చిక్కు అక్కడనే యున్నది. శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడపినవాడు. తన వృత్తిపేరునే తన వచనములకు ముద్రగా నిలిపినాడు. రేవుపడవ పదిమందిని ఆవలి గట్టున దింపి, మరి పదిమంది కొరకు తిరిగి వచ్చును. అద్దె విహారనౌక బయలుదేరిన చోటికే వచ్చును. అందులో అధికమూల్యము పడవకు కాదు, ఇతరులు లేకుండుటకు. దాసోహమునకు ఎదుట మరియొకడు ఉండవలెను. పంక్తిలో రెండవ విస్తరి లేకుండ చేయుటకే ధనమిచ్చువాడు దాసోహము ఎవరికి చేయును?

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరి తెచ్చువాడు. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చినందుకు భార్య లక్కమ్మ మందలించి, అధికమును తిరిగి పోసి రమ్మని పంపెనని ప్రసిద్ధి. ఆ బియ్యము దొంగిలినది కాదు. అయినను ఆమె అంగీకరింపలేదు. న్యాయార్జితమన్న ఒక్క మాటతో ప్రశ్న ముగియదని ఆ ఇల్లాలికి తెలియును. అయితే అందరికిని లక్కమ్మ కొలతయే విధింపవలెనన్నచో సంసారులకు కష్టమే. పెండ్లిళ్లలో మిగిలి పారవేయు అన్నమును చూచినవారెవరును నౌకవానిని మాత్రమే వ్రేలెత్తి చూపజాలరు.

జంగముడు కూడ ఊరూర తిరుగువాడే. ఇల్లు విడిచి తిరుగును. నౌకవాడు ఇంటిని వెంట తీసికొని తిరుగును.

నర్సంపేట చెంతనే పాఖాల చెరువు కలదు. కాకతీయ గణపతిదేవుని కాలమున జగదాళ ముమ్మడి కట్టించినది. అతడును కలవాడే. ఆ ధనము కట్టయై, తూమై, నేటికిని వరిపొలమునకు నీరిచ్చుచున్నది. లక్నవరము కూడ కాకతీయుల కాలపు చెరువే. గుట్టల నడుమ కట్ట వేయగా నీరు నిలిచి, మునుగక మిగిలిన గుట్టలే దీవులైనవి. అక్కడ విహరించువాని పడవ క్రిందనున్నది ఆయకట్టు రైతు నీరు. తూము తెరచినచో ఆ నీరు పొలమునకు పోవును. దానితోపాటు పడవయు క్రిందికి దిగును.