ముందు వచ్చినవాళ్ల ధర్మం: పంచవటి చెప్పే పాఠం



ఈ వారం వీడియోలో జటాయువు గురించి చెప్పుకున్నాం కదా. రావణుణ్ణి అడ్డుకోవడం, రెక్కలు తెగి పడిపోవడం, రాముడికి విషయం చెప్పి ప్రాణం వదలడం... ఇదంతా మనకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. కానీ జటాయువు కథ మొదలయ్యేది యుద్ధంతో కాదు. ఒక కొత్త కుటుంబం తెలియని చోటికి కాపురానికి వచ్చిన రోజున మొదలవుతుంది. ఆ రోజు గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ఈసారి దాని గురించే రాయాలనిపించింది.

పంచవటిలో కొత్త కాపురం

అరణ్యకాండలో రాముడు అగస్త్య మహర్షిని ఒక మాట అడుగుతాడు. నీళ్లు దగ్గరగా ఉండాలి, చెట్లు బాగా ఉండాలి, అలాంటి చోటు ఏదైనా చెప్పండి, అక్కడ ఆశ్రమం కట్టుకుని ఉంటాం అని. మహర్షి గోదావరి దగ్గరున్న పంచవటికి దారి చెప్తారు. ఆ పంచవటి మా ఊరే అని నాసిక్ వాళ్లు అంటారు. మన వైపు వాళ్లకు మాత్రం అది భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో ఉన్న పర్ణశాల. ఆ వాదన ఇక్కడ మనకొద్దు.

దారిలో వాళ్లకు ఒక పెద్ద పక్షి కనబడుతుంది. రామలక్ష్మణులు ముందు దాన్ని రాక్షసుడనే అనుకుంటారు. నువ్వెవరు అని అడుగుతారు. జటాయువుకు కోపం రాదు. నేను మీ నాన్నగారి స్నేహితుణ్ణి అని నెమ్మదిగా చెప్తాడు. తర్వాత తన వంశమంతా చెప్పుకుంటాడు. అచ్చం మన ఊళ్లలో పెద్దవాళ్లు "మీది ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?" అని అడిగి, చివరికి ఏదో ఒక చుట్టరికం తేల్చినట్టే ఉంటుంది. ఆ తర్వాత అసలు మాట అంటాడు. మీ అన్నదమ్ములిద్దరూ బయటికి వెళ్లినప్పుడు సీతమ్మను నేను చూసుకుంటాను అని.

గమనించండి. ఒకరు దారి చెప్పారు. ఒకరు ఇల్లు కట్టారు, ఆయన లక్ష్మణుడు. ఒకరు ఇంట్లో మనిషికి కాపలా ఉంటానన్నారు. ఏ కుటుంబం కొత్త చోటికి వెళ్లినా ఈ మూడూ కావాలి. అవతారపురుషుడికే కావాల్సి వచ్చాయి, ఇక మనమెంత!

టెక్సాస్‌లో కొత్త కాపురం

మా అక్క, బావ ఇద్దరు పిల్లలతో పోయిన ఏడాది టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వెళ్లారు. పెద్దవాడికి ఆరేళ్లు, పాపకు మూడు. అమెరికాలో బావకు వేరే రాష్ట్రంలో కూడా అవకాశం వచ్చింది. అయినా ఫ్రిస్కోనే ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే అక్క ఒకటే మాట చెప్పింది: "అక్కడ బావగారు వాళ్లు ముందే ఉన్నారు కదరా."

బావగారు అంటే మా బావ వాళ్ల అన్నయ్య. ఆయన ఎయిర్‌పోర్టుకు వచ్చారు. అద్దె ఇల్లు కావాలంటే అక్కడ క్రెడిట్ హిస్టరీ అడుగుతారు, కొత్తగా దిగినవాళ్లకు అదేముంటుంది? ఆయనే మాట్లాడి కుదిర్చారు. పిల్లల టీకాల కాగితాలు స్కూల్లో ఎలా ఇవ్వాలో అక్క తోడికోడలు చూపించింది. డ్రైవింగ్ లైసెన్స్ వచ్చేదాకా సరుకులకు కూడా ఆమే తీసుకెళ్లింది. మొదటి నెలంతా పాపకు జ్వరం, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా విసుక్కోలేదట.

"వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫర్లేదు" అని మన సామెత. అక్క విషయంలో అది నూటికి నూరు పాళ్లు నిజమైంది. ఇంట్లో అందరం చాలా సంతోషపడ్డాం. అమ్మ భద్రాద్రి రాముడికి మొక్కు కూడా తీర్చుకుంది.

అయితే సామెతలో ఇంకో వైపు కూడా ఉంది. వడ్డించేవాడు మనవాడు కాకపోతే ఏంటి? లేదా, మనవాడే అయినా వాడి గిన్నెలోనే ఏమీ లేకపోతే?

మిరపతోటలో విన్న మాట

మాది పాల్వంచ. పెదనాన్న వాళ్లకు ఖమ్మం వైపు మిరపతోట ఉంది. ఏరుడు టైములో సెలవు దొరికితే నేను వెళ్తుంటాను. ఈ ఏడు ముఠాలో కొందరు గొత్తికోయలు వచ్చారు. ఒకామె చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి, అందులో పసిపిల్లను పడుకోబెట్టి కాయలు ఏరుతోంది. పక్కన ఆరేళ్ల బాబు. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. ముఠాలోనే ఉన్న మన వైపు కోయ ఆమె మధ్యలో ఉండి మాట చెప్పింది. చర్ల వైపు అడవిలో ఉంటున్నారట. అక్కడికే ఎందుకు వచ్చారని అడిగాను.

"మా చిన్నమ్మ వాళ్లు ముందే వచ్చారు."

నాకు వెంటనే అక్క మాట గుర్తొచ్చింది. భాష వేరు, దేశం వేరు, మాట మాత్రం అదే.

విషయం తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు మావోయిస్టులు, ఇంకోవైపు సల్వాజుడుం, మధ్యలో పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలమంది ఆదివాసీలు పిల్లాపాపలతో అడవి దారిన అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చేశారు. సల్వాజుడుం పేరుతో ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పింది. కానీ అప్పటికే వచ్చేసినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

వాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఆగలేదు. తమ మాట అర్థమయ్యే కోయల దగ్గర, అంతకు ముందే వచ్చిన బంధువుల దగ్గర ఆగారు. కోయల్లో వంశాలను గట్లుగా చెప్పుకుంటారు. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ముల వరస. రాష్ట్రాల మధ్య గీత మనం గీసుకున్నది, ఆ వరసలు అంతకంటే పాతవి. అసలు ఈ గీతలు మన కళ్లముందే ఎన్నిసార్లు మారలేదు! భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇల్లు కదలకుండానే జనం వేరే రాష్ట్రం వాళ్లయిపోయారు.

"వాళ్లు వేరు కదా" అంటారేమో

ఈ పోలిక మా ఫ్రెండ్స్‌తో అన్నప్పుడు ఒకడు వెంటనే అన్నాడు: "మీ అక్క వాళ్లు వీసాతో పద్ధతిగా వెళ్లారు. వీళ్లు అడవి ఆక్రమించారు. రెండూ ఒకటెట్లా అయితయ్ రా?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా న్యాయంగానే వెతకాలి.

చట్టం లెక్కన చూస్తే పరాయివాళ్లు మా అక్క వాళ్లే. బావది హెచ్-1బి, మామూలుగా ఆరేళ్ల గడువు. అక్కకు ప్రస్తుతానికి ఉద్యోగం చేసే వీలు కూడా లేదు. మిరపతోటలో ఆమె మాత్రం ఈ దేశ పౌరురాలు. రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు ఉంది. కానీ షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అక్కడ ఎస్టీ అయిన కుటుంబానికి ఇక్కడ ఆ గుర్తింపు లేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం భూమి హక్కు రావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉండాలి. తర్వాత వచ్చినవాళ్లకు ఆ దారీ లేదు.

ఇంకో మాట. టెక్సాస్‌లో కాగితాలు లేని పిల్లలకు స్కూలు నిరాకరించొచ్చా అన్న కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే కుదరదని చెప్పింది. తల్లిదండ్రులు ఎలా వచ్చారన్న దానికి పిల్లలు బాధ్యులు కారు అన్నది అందులో ముఖ్యమైన మాట. మన విద్యాహక్కు చట్టం కూడా 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ చదువు అంటుంది. మా మేనల్లుడికి ఇంగ్లిష్ రాదని వాళ్ల స్కూల్లో విడిగా ఒక టీచర్ కూర్చుని నేర్పిస్తోంది. ఆ తోటలో బాబుకు తెలుగు రాదు. వాడి పక్కన ఎవరు కూర్చుంటారు?

వచ్చినవాళ్లకూ ధర్మం ఉంది

అలాగని వచ్చినవాళ్లు ఏం చేసినా సరేనా? కాదు. దీనికీ అరణ్యకాండలోనే సమాధానం ఉంది.

దండకారణ్యంలోకి వెళ్తున్నప్పుడు సీతమ్మ రాముణ్ణి హెచ్చరిస్తుంది. మనతో వైరం లేనివాళ్లను చంపడం మంచిది కాదంటుంది. చేతిలో కత్తి ఉండటం వల్లనే మెల్లగా క్రూరుడైపోయిన ఒక తపస్వి కథ చెప్తుంది. మనం ఉన్న చోటుకు ఒక ధర్మం ఉంటుంది, దాన్ని గౌరవించాలి అంటుంది. రాముడు మునులకిచ్చిన మాటకు కట్టుబడ్డాడు గానీ, ఆమె చెప్పింది తప్పు అనలేదు. ప్రేమతో చెప్పావని మెచ్చుకున్నాడు.

అడవికీ ధర్మం ఉంది. పోడు కోసం చెట్లు కొట్టుకుంటూ పోతే రేపు ఆ పిల్లలకే వాగులో నీళ్లుండవు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో గొత్తికోయల దాడిలో ఒక అటవీ రేంజ్ అధికారి చనిపోయారు. డ్యూటీ చేస్తున్న మనిషి ఆయన. ఆ కుటుంబానికి జరిగిన అన్యాయానికి ఏ కష్టమూ సాకు కాదు. ఇక్కడి కోయలకు కూడా తమ భూమి, తమ అవకాశాలు పంచుకోవాల్సి వస్తుందన్న భయం ఉంది, అదీ అబద్ధం కాదు.

కానీ నేరం చేసినవాళ్ల శిక్ష నేరం చేసినవాళ్లకే పడాలి. చీర ఉయ్యాలలో పడుకున్న పసిపిల్లకు పడకూడదు. అమెరికాలో ఎక్కడో ఒక తెలుగువాడు మోసం చేసి పట్టుబడ్డాడని మా అక్కను అనుమానంగా చూస్తే మనకెలా ఉంటుంది?

చుట్టరికం ఎక్కడ మొదలవుతుంది?

జటాయువుకు, రాముడికి రక్తసంబంధం లేదు. జాతే వేరు. పైగా తనను రాక్షసుడనుకున్నారు. అయినా ముందు వచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి, వెనక వచ్చినవాళ్లను చూసుకోవడం తన పని అనుకున్నాడు. నాకు అర్థమైనంతలో పంచవటి పాఠం ఇదే. ముందు వచ్చినవాడికి ఆ చోటు తెలుసు, వెనక వచ్చినవాడికి తెలియదు. ఆ తేడా వల్లనే బాధ్యత పుడుతుంది. రక్తసంబంధం ఉంటే ఆ బాధ్యత తేలిగ్గా గుర్తొస్తుంది, అంతే.

ఆ మాట నిలబెట్టుకునే రోజు వచ్చినప్పుడు జటాయువు ముసలివాడు. ముందు రావణుడికి మంచి మాటలతో చెప్పి చూశాడు. వినకపోతే పోరాడాడు. గెలవలేదు. సీతమ్మను కాపాడలేకపోయాడు కూడా. అయినా రాముడు తండ్రికి చేసినట్టు ఆయనకు దహనం చేసి, గోదావరిలో తర్పణం వదిలాడు. స్నేహితుడి కొడుకు అన్న వరస మొదటి రోజు జటాయువు కలిపాడు. చివరి రోజు దాన్ని రాముడు పూర్తి చేశాడు.

మరి మనమేం చెయ్యాలి? అడవి భూముల సమస్య తీర్చేది ప్రభుత్వం, కోర్టులు. మన చేతిలో చిన్నవే ఉన్నాయి. మీ చేనుకు వచ్చిన ముఠాలో పిల్లలుంటే బడిలో, అంగన్‌వాడీలో పేరుందా అని అడగండి. లేకపోతే అక్కడి టీచరుకు ఒక ఫోన్ చెయ్యండి. ఆధార్ ఫారం నింపడం నాలాంటి కంప్యూటర్ వాళ్లకు పది నిమిషాల పని, వాళ్లకు ఒక రోజు కూలి పోయే పని. భద్రాచలం దర్శనానికి వెళ్లి పర్ణశాల దాకా వెళ్లినప్పుడు దారిలో కనబడేవాళ్లను ఫొటోలు తీసి రాకుండా, పేరేంటని అడగండి.

విదేశాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు కూడా ఒక మాట. మీరు దిగిన రోజు ఎవరో ఒకరు ఎయిర్‌పోర్టుకు వచ్చి ఉంటారు. ఆ బాకీ వాళ్లకే తిరిగి తీర్చాలని లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన కుటుంబం తెలుగువాళ్లు కాకపోయినా సరే, పిల్లలుంటే ఒకసారి తలుపు తట్టి రండి.

పోయిన ఆదివారం మా పెదనాన్న ఫోన్ చేశారు. ఆ బాబు పేరు అంగన్‌వాడీ ఆయమ్మకు చెప్తే, ఆరేళ్లు నిండాయి కాబట్టి బడిలోనే చేర్చాలి అందట. ఏరుడు అయిపోయేలోపు హెడ్‌మాస్టర్‌తో మాట్లాడాలి, శనివారం నేను వెళ్తున్నాను.

శ్రీరామచంద్రుడు కొత్త చోట కాపురం పెట్టిన ప్రతి కుటుంబాన్నీ చల్లగా చూడాలి. వచ్చే వారం శబరి కథతో కలుద్దాం.

జై శ్రీరామ్.