మూల్యం లేని మంత్రం

వంశీ,

నీ ఉత్తరం అందింది. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటాలూ చదివి, వెంటనే పీటర్ జాక్సన్ తీసిన మూడు సినిమాలూ చూసి, వాటిలో ఏమేం పోయాయో వరసగా రాసి పంపావు. టామ్ బాంబడిల్ ఊసే లేదు. గాయపడ్డ ఫ్రోడోను ఆదుకోవడానికి గ్లోర్‌ఫిండెల్ బదులు ఆర్వెన్ గుర్రమెక్కి వచ్చింది. రెండో సంపుటంలో ఎదురయ్యే రాక్షస సాలీడు షెలాబ్ మూడో సినిమాకు వెళ్లింది. ఇంత శ్రద్ధగా చదివినందుకు సంతోషమే. కానీ పుస్తకం చదవని నీ స్నేహితులకు ఆ సినిమాను మెచ్చుకునే అర్హతే లేదని తీర్పు కూడా చెప్పేశావు. ఆ తీర్పు గురించే ఈ ఉత్తరం. నువ్వు పట్టుకున్న తేడాలన్నీ నిజమే. అయితే అవి ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి సినిమా మంచిదో చెడ్డదో తేలదు. ఇంకొకటి చూడాలి. అదేమిటో చెప్పడానికి కొంచెం వెనక నుంచి రావాలి.

మామూలు సాంఘిక నవల రాసేవాడికి లోకమే హద్దు. మనిషి ఎగరలేడు, చచ్చినవాడు లేచి రాడు, హైదరాబాదు నుంచి విజయవాడ చేరడానికి కొన్ని గంటలు పట్టి తీరుతుంది. ఫాంటసీ రాసేవాడికి ఈ అడ్డు లేదు. అతడు తలచుకుంటే కొండలు నడుస్తాయి, చెట్లు మాట్లాడతాయి. ఏదైనా జరగొచ్చు అన్నచోట ఏం జరిగినా పాఠకుడికి ఏమీ అనిపించకపోవాలి. అయినా మనం ఊపిరి బిగబట్టి చదువుతున్నామంటే, ఆ లోకంలో ఏదో ఒక కట్టుబాటు గట్టిగా పనిచేస్తోందనే అర్థం. ఆ కట్టుబాటు మూల్యం. ప్రతి శక్తికీ ఎవరో ఒకరు, ఏదో ఒక రూపంలో చెల్లించాలి. టోల్కీన్ నవలలోని ఉంగరం తనను పెట్టుకున్నవాడిని మాయం చేస్తుంది, కానీ కాలం గడిచేకొద్దీ మనిషిలోని మనిషినే కరిగించేస్తుంది. మన 'పాతాళ భైరవి' (1951)లో కూడా ఇదే లెక్క. తోటరాముడికి కోరినదిచ్చే బొమ్మ పుణ్యమా అని మేడ వస్తుంది, రాకుమారి దక్కబోతుంది. ఆ బొమ్మ నేపాళ మాంత్రికుడి చేతికి చిక్కగానే మేడా పోతుంది, రాకుమారీ పోతుంది. బొమ్మ ఇచ్చినదంతా బొమ్మతోనే పోయాక, చేతిలో ఏమీ లేని రాముడు అంజిని తోడు తీసుకుని తెలివితో, తెగువతో వాటిని సాధించుకోవాలి. ఆ రెండో ప్రయాణం లేకపోతే అతడు లాటరీ తగిలినవాడే తప్ప కథానాయకుడు కాడు.

కాబట్టి నవలను తెరకెక్కించేటప్పుడు మనం చూడవలసినది ఇదీ: ఎవరు ఏం చేస్తే ఎవరికి ఏమయింది అన్న గొలుసు నిలిచిందా, తెగిందా? పాత్రలు పోవచ్చు, ఊళ్లు పోవచ్చు, వరస మారవచ్చు. ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 'మాయాబజార్' (1957)లో పాండవుల కొడుకు ఉన్నాడు, సుభద్ర ఉంది, కృష్ణుడు ఉన్నాడు, కౌరవులంతా ఉన్నారు. పాండవులు మాత్రం సినిమా మొత్తంలో ఒక్కసారీ కనిపించరు. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ అక్కడ లేనే లేదు. పట్టికలు వేసేవాడికి ఇంతకంటే పెద్ద నేరం దొరుకుతుందా? అయినా ఆరు దశాబ్దాలు దాటినా అయిదుగురు అన్నదమ్ములు ఏరని ఎవరూ గొడవపడలేదు. ఎందుకంటే ఆ కథ గొలుసు వేరు. రాజ్యం పోగానే ఇచ్చిన మాట తప్పిన బంధువులకు ఏం జరగాలన్నదే అందులో ప్రశ్న. దానికి కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు వడ్డీతో సహా జవాబు చెప్పారు. ఈ లెక్కన టామ్ బాంబడిల్ పోవడం నష్టమే కాదు. ఉంగరం అతడి మీద పనిచేయదు; అతడిని తీసేసినా ఆ ఉంగరం కథలో ముఖ్యమైన ఫలితమేదీ మారదు. చదవడానికి హాయిగా ఉంటాడు, అంతే. ఆర్వెన్, షెలాబ్ సంగతీ అలాంటిదే. నీ పట్టికలో ముప్పాతిక భాగాన్ని నిశ్చింతగా కొట్టేయవచ్చు.

ఇక నీ పట్టికలో లేని ఒక మార్పు చెబుతాను, జాగ్రత్తగా విను. డూమ్ పర్వతం అంచున ఏం జరిగిందో పుస్తకంలో మళ్లీ చూడు. నాశనం చేయడానికి ఉంగరాన్ని అంత దూరం మోసుకొచ్చిన ఫ్రోడో చివరి అడుగులో ఓడిపోతాడు. ఉంగరాన్ని అగ్నిలో వేయనని చెప్పి వేలికి తొడుక్కుంటాడు. ఉంగరం కోసం వెంటాడుతున్న గొల్లమ్ అతడి మీద పడి ఆ వేలిని కొరికి తెంచుతాడు, దొరికిందన్న సంబరంలో గంతులు వేస్తూ, తూలి, తనంతట తానే అగ్నిలో పడిపోతాడు. ఎవరూ తోయలేదు. అంటే లోకాన్ని కాపాడింది ఫ్రోడో బలం కాదు. ఎప్పుడో, ఫ్రోడో కంటే ముందు ఉంగరం దగ్గరున్న బిల్బో, తర్వాత ఫ్రోడో, ఆఖరికి ఆ కొండ వాలు మీద, ఫ్రోడోకు తోడుగా వచ్చిన శామ్ కూడా, చంపగలిగి ఉండీ గొల్లమ్‌ను చంపకుండా వదిలేసిన జాలి. అది మూడుసార్లు ఖర్చు పెట్టిన జాలి, ఒక్కసారిగా తిరిగి వచ్చింది. 2003లో వచ్చిన మూడో సినిమాలో ఫ్రోడో ఓడిపోవడం అలాగే ఉంచారు. అది చిన్న విషయం కాదు. అన్ని కోట్లు పోసి తీసే సినిమాలో కథానాయకుడు ఆఖరి క్షణంలో వీరుడిలా ఉంగరాన్ని విసిరేయాలని ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించుకో. కానీ వేలు తెగాక ఫ్రోడో లేచి, ఉంగరం కోసం మళ్లీ గొల్లమ్ మీద పడతాడు. ఆ పెనుగులాటలో ఇద్దరూ అంచు దాటుతారు. దాంతో పతనానికి కారణం ఇద్దరి వ్యసనం అయింది, జాలి మరుగున పడింది. ఇక్కడ గొలుసు సగం తెగింది. అయితే వెంటనే దర్శకుడు పుస్తకంలో లేని ఒక ముక్క పెట్టాడు. ఫ్రోడో అంచు పట్టుకుని వేలాడుతున్నాడు, శామ్ చేయి చాచాడు. కింద లావా మీద ఉంగరం ఇంకా కరగకుండా తేలుతోంది. ఫ్రోడో వదిలేద్దామా అన్నట్టు ఒక్క క్షణం చూసి, ఆ తర్వాత శామ్ చేతిని అందుకుంటాడు. అప్పుడు గానీ ఉంగరం కరగదు. బతకాలని మనసా నిర్ణయించుకున్నాకే దాని పట్టు వదిలిందన్నమాట. ఒక లెక్క పోగొట్టి మరో లెక్క రాసిన తీరు ఇది. నాకు పుస్తకంలోదే గొప్పగా తోస్తుంది. అయినా ఈ రెండోదాన్ని రాసినవాడు కథ తెలియనివాడు మాత్రం కాదు.

నిజంగా వాదించదగిన మార్పు ఫారమీర్‌ది. పుస్తకంలో అతడు ఉంగరం దగ్గరే ఉందని తెలిసినా ఆశపడకుండా ఫ్రోడోను వెళ్లనిస్తాడు. సినిమాలో ఫ్రోడోను, శామ్‌ను ఆస్గిలియత్ దాకా ఈడ్చుకెళ్లి, అక్కడ గానీ మనసు మార్చుకోడు. సినిమా తీసినవాళ్ల వైపు న్యాయం లేకపోలేదు. అందరినీ లొంగదీసే ఉంగరమని రెండు సినిమాలుగా భయపెట్టి, ఒకడికి అసలు చలనమే లేదంటే ప్రేక్షకుడి భయం చల్లారిపోతుంది. పైగా షెలాబ్ మూడో సినిమాకు పోవడంతో రెండోదానికి ఒక చిక్కుముడి కావలసి వచ్చింది. ఈ రెండూ కథనానికి సంబంధించిన మంచి కారణాలే. కానీ ఫారమీర్ అన్న బోరమీర్ ఎందుకు చెడ్డాడో గుర్తుందా? తన నగరాన్ని రక్షించుకోవాలన్న మంచి కోరికతోనే. గండాల్ఫ్, గలాడ్రియెల్ ఉంగరాన్ని వద్దనడానికి కారణం, దాంతో మంచి చేద్దామన్న ఆలోచన తమలో ఉందని వాళ్లకు తెలియడమే. దుర్మార్గులకు అధికారం ప్రమాదమని అందరూ చెబుతారు. సదుద్దేశం ఉన్నవాడికి అంతకంటే ప్రమాదమని ఈ పుస్తకం చెబుతుంది. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరిలో ఒకడు వద్దనగలిగాడన్న పోలిక సినిమాలో పలచబడింది. నీ వయసువాళ్లు రేపు చిన్నదో పెద్దదో అధికారంలో కూర్చుంటారు. "ఈ ఒక్కసారికీ, మంచి కోసమే కదా" అన్న మాట లోపలి నుంచి వినిపించినప్పుడు గుర్తుకు రావలసిన మనిషి ఈ ఫారమీరే. అలాగే పుస్తకం చివర హాబిట్లు ఇంటికి వచ్చేసరికి సారుమాన్ మనుషులు వాళ్ల సొంత నేల షైర్‌ను ఆక్రమించి, చెట్లు నరికేసి ఉంటారు. సినిమాలో షైర్ చెక్కు చెదరలేదు. యుద్ధం ఇంటి గడపకు రాదన్న భ్రమను ఆ మార్పు మిగిల్చింది. ఫ్రోడో గాయం మానక ఓడెక్కి వెళ్లిపోవడం మాత్రం ఉంచారు. అందువల్ల మూల్యం నేల మీద నుంచి ఒక్క ఒంటి మీదికి కుదించుకుపోయింది.

గొలుసు పూర్తిగా తెగితే ఎలా ఉంటుందో చూడాలంటే అర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'కి తెర మీద ఏమయిందో చూడు. గాంట్ దీవిలో పుట్టిన గెడ్ మంత్రవిద్యలో అసాధ్యుడు. తోటి విద్యార్థి రెచ్చగొడితే, గొప్ప చూపించుకోవడానికి చచ్చినవాళ్ల లోకపు తలుపు తెరుస్తాడు. అందులోంచి ఒక నీడ బయటపడుతుంది. ఆ తలుపు మూయడానికి గురుపీఠంలో ఉన్న పెద్దాయన ప్రాణం పోతుంది. గెడ్ ముఖం మీద మచ్చలు మిగులుతాయి. ఆ తర్వాత పుస్తకమంతా ఆ ఒక్క పొగరు తాలూకు బాకీ తీర్చడమే. ముందు నీడ నుంచి పారిపోతాడు, తర్వాత దాన్నే తరుముతాడు, చివరికి సముద్రం కొసన దాన్ని తన పేరుతోనే పిలుస్తాడు. ఇందులో అసలు శత్రువు బయటివాడు కాదు. 2004లో అమెరికాలో టీవీకి తీసినప్పుడు ఈ నవలను దాని తరువాయితో కలిపేసి, పెత్తనం కోసం పాకులాడే ఒక రాజును ప్రతినాయకుడిగా తెచ్చారు. తప్పు తనలో ఉన్నవాడి కథ కాస్తా ఎదుటివాడిని ఓడించే కథ అయింది. అంతేకాదు, పుస్తకంలో గెడ్ రాగి రంగు మనిషి, అతడి మిత్రుడు వెచ్ నల్లనివాడు, తెల్లవాళ్లు దూరాన ఉండే కార్గ్‌లు మాత్రమే. తెర మీద ఒకరిద్దరిని మినహాయిస్తే అందరూ తెల్లబడ్డారు. లె గ్విన్ ఊరుకోలేదు, ఇది తన ఎర్త్‌సీ కాదని బహిరంగంగానే రాసింది. ఏ పాత్ర పోయిందన్నది కాదు ఆవిడ బాధ. ఎవరి కథ ఎవరిదైపోయిందన్నది. కథానాయికలను వెతికేటప్పుడు మన సినిమా రంగం ఏ రంగు చూసి మురిసిపోతుందో తెలిసిన మనం ఆ కోపాన్ని పరాయిదిగా చూడలేం.

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, ఇలా లెక్కలు చూస్తే ఫాంటసీ కాస్తా నీతికథ అయిపోదా అని. కాదు. నీతికథలో తప్పు చేసినవాడికి తగిన శిక్ష పడుతుంది. ఇక్కడ మూల్యం చాలాసార్లు తప్పు చేయనివాడే చెల్లిస్తాడు. ఫ్రోడో ఏ పాపం చేశాడని ఆ గాయం? అతడు చివర్లో ఓడిపోయాడేమిటని అడిగిన పాఠకులకు టోల్కీన్ ఉత్తరాలు రాస్తూ, ఆ ఒత్తిడిని ఎవరూ తట్టుకోలేరని, అతడు చేయగలిగినదంతా చేశాడని వివరించాడు. అందులో పాఠం లేదు, కరుణ ఉంది. రెండో అభ్యంతరం పెద్దవాళ్లది: ఇవన్నీ పలాయనవాదం, ఉద్యోగానికి పనికిరాని కాలక్షేపం అని. టోల్కీన్ 1916లో సోమ్ యుద్ధరంగంలో ఉన్నాడు, స్నేహితులను పోగొట్టుకున్నాడు. తన కథ యుద్ధానికి ప్రతీక కాదని తానే చెప్పుకున్నాడు గనుక ఆ ముడి మనం వేయవద్దు. 1939లో అద్భుత కథల గురించి చేసిన ప్రసంగంలో మాత్రం, చెరలో ఉన్నవాడు బయటి లోకాన్ని తలచుకోవడం వేరు, యుద్ధం నుంచి సిపాయి పారిపోవడం వేరు అని గట్టిగా తేడా చెప్పాడు. నేను ఇంకొకటి కలుపుతాను. దేనికీ చెల్లించనక్కర్లేదని నమ్మించే కథే పలాయనం, అందులో డ్రాగన్ ఉన్నా, లేకపోయినా. ఆ లెక్కన మనం వాస్తవికమనుకునే సినిమాల్లో చాలా వాటికి ఆ పేరు బాగా అతుకుతుంది.

టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్‌కు జాక్సన్ సినిమాలు నచ్చలేదు, పుస్తకాన్ని పోరాటాల సినిమా చేశారని 2012లో కటువుగానే అన్నాడు. జీవితమంతా తండ్రి రాతప్రతులు సవరించిన మనిషికి ఆ మాట అనే హక్కు ఉంది. అదే ఏడాది మొదలుపెట్టి 'ది హాబిట్' అనే చిన్న పుస్తకాన్ని మూడు సినిమాలుగా, దాదాపు 8 గంటలకు సాగదీసినప్పుడు ఆయన మాటే నిజమేమో అనిపిస్తుంది కూడా. కానీ నువ్వూ నేనూ క్రిస్టఫర్ కాదు. మూడు సంపుటాలు చదవడం వల్ల నీకు దక్కింది కథ, దాని మీద పట్టా కాదు. ఫ్రోడో శామ్ చేతిని అందుకున్నప్పుడు కళ్లు చెమర్చిన నీ స్నేహితుడు, నీకు తెలిసినన్ని పేర్లు తెలియకపోయినా, ఆ గొలుసులో ఒక లంకెను పట్టుకున్నాడు. అతడికి గొల్లమ్‌ను ముగ్గురు ఎందుకు వదిలేశారో చెప్పు, పుస్తకం అడిగి తీసుకుంటాడు. నీకు తెలిసినదాన్ని అతడిని చిన్నబుచ్చడానికి వాడితే అదీ ఒక చిన్న ఉంగరమే.

ఈ సెలవుల్లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చదువు. చిన్న పుస్తకమే, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. 2004 నాటి ఆ సిరీస్ జోలికి మాత్రం పుస్తకం పూర్తయ్యాకే వెళ్లు. అసలు వెళ్లకపోయినా నీకు వచ్చే నష్టమేమీ లేదు.

ఇట్లు,
నీ మామయ్య